వాడిపోయిన పెళ్ళి దండలు

"నువ్వు నోరు విప్పకపోతే సాయంత్రానికి నిన్ను పోలీసులు తీసుకుపోతారయ్యా అసిరయ్యా!"

అంత గట్టిగా అరవకూడదని నాకూ తెలుసు. కానీ మనిషి ఎదురుగా కూర్చుని, అడిగిన ప్రశ్నకు గోడకేసి చూస్తూంటే ఎవరికి మాత్రం ఓర్పుంటుంది? విజయనగరంలో మా ఇంట్లో తాతల నాటి నుంచి వీణ పాఠాలు చెబుతారు. తప్పు స్వరం వందసార్లు విని కూడా నవ్వుతూ దిద్దుతారు. ఆ ఓర్పంతా వాళ్ళే పంచేసుకున్నారు. జగదాంబనైన నాకు మిగిలింది కోపమూ, ఈ డిటెక్టివ్ వృత్తీను. రెండిటితోనూ హాయిగానే బతుకుతున్నాను.

"నానేటీ సెయ్యనేదమ్మా," అన్నాడు అసిరయ్య.

"చెయ్యలేదని నాకు తెలుసయ్యా. నేనడిగింది అది కాదు. పెళ్ళి ముందు రాత్రి మిషను గది తాళంచెవి నీ దగ్గరుందా, లేదా?"

మళ్ళీ గోడ.

"సెప్పు నాన్నా! అమ్మగారు మన కోసవే గదా వొచ్చినారు. నీ మౌనవ్రతం తగలెయ్య!" అంది అతని కూతురు అనిత. నన్ను పిలిపించింది ఆ పిల్లే. మా ఆఫీసు గుమ్మంలో నిలబడి, "మా నాన్న మనిషిని సంపేవోడు కాదండి, మీరు సూసి సెప్పండి," అంది. అంతే. నాకు ఆ మాట నచ్చింది.

సంగతేమిటంటే, రాజాంలో ఈ జగ్గమ్మ కల్యాణ మండపానికి, దాని మీదున్న లాడ్జికి మొన్న మొన్నటి దాకా కట్టెల బాయిలర్‌తో వేడినీళ్ళు కాచేవారు. ఆ బాయిలర్ దగ్గర ఉద్యోగం అసిరయ్యది. ఖర్చు తగ్గుతుందని యజమాని జగన్నాధం బాయిలర్ ఆపించి హీట్ పంపు పెట్టించాడు. ఫ్రిజ్ లోపల చల్లబడి వెనక వేడి కక్కుతుంది కదా, ఇదీ అంతే. గదిలో గాలి నుంచి వేడి లాగి నీళ్ళకి ఇస్తుంది, గదిలోకి చల్లగాలి వదుల్తుంది. కరెంటు తక్కువ తింటుంది. అసిరయ్యని పొమ్మనకుండా కాపలా మనిషిగా ఉంచారు. మిషను గది తాళంచెవి అతనికే అప్పగించారు.

నిన్న తెల్లవారుజామున మండపంలో పెళ్ళి. బాజాలు మోగుతుండగానే ఆ మిషను గదిలో ఇంజనీరు గిరిబాబు స్పృహ లేకుండా నేల మీద కనిపించాడు. ఈ హీట్ పంపు పథకమంతా అతను వేసిందే. పక్కనే మిషను రాగి పైపు కోసి ఉంది. తలుపుకు తాళం తీసి వేలాడుతోంది, దానికే చెవి ఉంది. ఇంకేం, అందరూ తేల్చేశారు. బాయిలర్ పోయిందన్న కడుపుమంటతో అసిరయ్య పైపు కోశాడు, గ్యాసు నిండి గిరిబాబు పడిపోయాడు అని.

గిరిబాబు శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా లేవలేదు. అతను లేచి జరిగింది చెబితే అసిరయ్య ఇంటికి, లేవకపోతే జైలుకి. మధ్యలో నేను.

"ఇంకా అడుగుతున్నారా జగదాంబ గారూ? గోడకైనా జాలి వేస్తుంది," అని గుమ్మంలో నుంచి నవ్వు వినిపించింది.

ఆ నవ్వు నాకు పాత పరిచయం. అనంతకృష్ణ. మిషనుకు బీమా ఇచ్చిన కంపెనీ పంపిన పరిశోధకుడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో టాబ్లెట్, మొహం మీద ఎప్పుడూ పరీక్ష పాసైన కుర్రాడి సంతోషం. ఒకప్పుడు ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం. ఒకళ్ళనొకళ్ళు భరించలేక బయటపడి, ఇద్దరం బాగుపడ్డాం.

"నా రిపోర్టు సిద్ధం," అన్నాడు. "సాయంత్రం పోలీసుల చేతికిస్తాను. తాళంచెవి ఒక్కటే. అది ఉండేది ఇతని దగ్గర. గిరిబాబు టెంపరేచర్ గన్ కనిపించడం లేదు, అదీ ఇతనే దాచాడు. ఇంకా ఏం కావాలి మీకు?"

"బుర్ర కావాలి. నీ దగ్గర అదనంగా ఉంటే ఇచ్చి పో."

అనిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అనంతకృష్ణ నవ్వు కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

"మీ మాటకారితనం కోర్టులో పనికిరాదు. వస్తువులు మాట్లాడతాయి, మేడం."

"సరే పద. ఆ వస్తువులు ఏం మాట్లాడుతున్నాయో ఇద్దరం కలిసి విందాం."

* * *

మిషను గది మండపం వెనక, వంటశాల దాటాక ఉంది. దాని పక్కనే పాత బాయిలర్ షెడ్డు, తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టేసి ఉంది. బాయిలర్ పొగగొట్టం గోడ వెంట డాబా దాకా వెళ్ళింది. వాన నీళ్ళు దిగకుండా దాని మూతికి రేకు టోపీ బిగించారు.

జగన్నాధం మా వెనకే పరిగెత్తుకొచ్చాడు. పెద్ద పొట్ట, పెద్ద గొంతు, పెద్ద మనసూనట. లాడ్జికి తల్లి పేరు పెట్టుకున్న మనిషి. నిన్నటి నుంచి ఆ గొంతు కొంచెం తగ్గింది.

"ఏటమ్మా, మళ్ళా సూస్తారేటి? నిన్నంతా ఈ బాబు పొటోలు తీసుకున్నాడు గదా."

"ఫొటోలు ఆయన తీశారు. నేను చూస్తాను."

గదిలోకి వెళ్ళి కోసిన పైపు దగ్గర గొంతుక్కూర్చున్నాను. రాగి పైపు, రంపంతో కోశారు. వేలు లోపల పెట్టి తుడిచాను. వేలు పొడిగా వచ్చింది. వెనక గోడ చూశాను, నేల చూశాను. సున్నం తెల్లగా ఉంది. సిమెంటు మీద దుమ్ము ఉంది.

"అనంతూ, ఈ పైపులో గ్యాసుతోపాటు ఇంకేం తిరుగుతుందో తెలుసా?"

"అనంతకృష్ణ అనండి. గ్యాసు తిరుగుతుంది."

"నూనె కూడా తిరుగుతుందయ్యా. కంప్రెసర్ అరిగిపోకుండా. పొద్దున్నే ఒక ఏసీ మెకానిక్‌ని నిద్ర లేపి, తిట్లు తిని మరీ తెలుసుకున్నాను. గ్యాసు నిండా ఉన్న పైపు కోస్తే గోడంతా నూనె చిమ్ముతుంది. కోసినవాడి చొక్కా కూడా పాడవుతుంది. ఇక్కడ చుక్క లేదు. అంటే కోసేటప్పటికి పైపులో గ్యాసు లేదు. ఎప్పుడో ఖాళీ అయింది."

"నూనె తుడిచేసి ఉండొచ్చు కదా?"

"తుడిచి, మళ్ళీ దుమ్ము చల్లి వెళ్ళాడా? మంచి పనివాడే."

నేను లేచి మిషను ముందుకెళ్ళాను. పైన పెద్ద ఫ్యాను, ముందు ఇనుప జల్లెడ. టార్చి వేసి లోపలికి చూశాను. చూసి, పక్కకు జరిగి, అతన్ని పిలిచాను.

"రా నాయనా. నువ్వు ఫొటో తియ్యనిది ఇక్కడొకటుంది."

ఫ్యాను రెక్కకీ జల్లెడకీ మధ్య మట్టి ముద్ద. కందిరీగ పెట్టిన గూడు. రెక్కనీ జల్లెడనీ కలిపి కట్టేసింది మహాతల్లి. బాగా ఎండిపోయి బీటలు కూడా వచ్చాయి.

"తిరిగే ఫ్యానుకి కందిరీగ గూడు పెట్టగలదా? ఇది ఎన్నో రోజుల పని. ఈ మిషను నిన్న చెడలేదు, అనంతూ. చాలా రోజుల కిందటే చచ్చిపోయింది. చచ్చిన మిషను నుంచి గ్యాసు రాదు. గ్యాసు లేకుండా గిరిబాబు గ్యాసుతో ఎలా పడిపోయాడు?"

ఈసారి నవ్వు పూర్తిగా పోయింది. కానీ అతను తెలివితక్కువ వాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. వెంటనే తేరుకున్నాడు.

"మిషను పనిచెయ్యకపోతే వేడినీళ్ళెలా వచ్చాయి? నిన్న పెళ్ళివారంతా వేడినీళ్ళతో స్నానాలు చేశారు. అడగండి."

"ఔనమ్మా!" అన్నాడు జగన్నాధం. "పొగలు కక్కే నీళ్ళు. ఒక్క రోజు కూడా ఆగనేదు. కరెంటు బిల్లు సూసుకుంటే మిషను పెట్టిన మొదటి నెల కన్నా సగానికి సగం తగ్గిపోనాది. మిగతా లాడ్జీలోళ్ళు కూడా వొచ్చి సూసి ఎల్తన్నారు. ఆలంతా గూడా ఇదే మిషను పెట్టిస్తావని మాటిచ్చేసినారు."

ఆ మాట విని నాకు గిరిబాబు భార్య యమున గుర్తొచ్చింది. నిన్న ఆసుపత్రిలో ఆమెతో మాట్లాడాను. "అందరూ కరెంటు తక్కువ కాలతన్నాది అని సంబరపడితే, ఈయన ఒక్కరే దిగులుపడ్డారండి," అంది. "మరీ తక్కువగా ఉన్నాది యమునా, అన్ని నీళ్ళకి ఇంత తక్కువ కరెంటు సాలదు, ఏటో తేడాగా ఉన్నాది, అన్నారు. పెళ్ళి ముందు రాత్రి వెళ్ళి సూస్తానన్నారు." ఆ భార్య ఏడుస్తూ చెప్పిన మాట నేను అప్పుడు చెవిన వేసుకుని ఊరుకున్నాను. ఇప్పుడు అది మెల్లగా లోపలికి దిగింది.

మిషను తిరగడం లేదు. నీళ్ళు మాత్రం కాగుతున్నాయి. కాబట్టి నీళ్ళు ఇంకెక్కడో కాగుతున్నాయి.

ఆ సంగతి తేల్చబోతుంటే పెరట్లో రభస మొదలైంది.

* * *

"నా దండలు సచ్చిపోనాయి! నా పేరు పోనాది! ఇంక నాకు ఈ ఊళ్ళో పెళ్ళి బేరం ఎవులిస్తారు?"

ఒక ఆడమనిషి వంటశాల అరుగు మీద కూర్చుని తల బాదుకుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం పదిమందిది.

"ఎవరావిడ?"

"కూర్మమ్మ. మా మండపానికి పువ్వులిస్తాది," అన్నాడు జగన్నాధం చిరాకుగా. "అసిరయ్య సెల్లెలు. నిన్న దండలన్నీ నల్లబడిపోయి, పెల్లికూతురోలు గోల గోల సేసినారు. అపశకునం అని ముహూర్తం కూడా ఆపేస్తావన్నారు. ఆమదాలవలసకి మనిషిని పరుగెత్తించి కొత్త పువ్వులు తెప్పించినాం. అప్పటికే ఆ ఇంజనీరు బాబు ఇలగ పడిపోనాడని తెలిసింది. అపశకునం కాక ఇంకేటిది?"

వాడిపోయిన దండలు. చల్లగాలి మిషను. అసిరయ్య చెల్లెలు. ఇంకేమిటి, నా ఒళ్ళంతా కళ్ళయ్యాయి.

వెళ్ళి కూర్మమ్మ పక్కన అరుగు మీదే కూర్చున్నాను.

"కూర్మమ్మా, దండలు రాత్రి ఎక్కడ పెట్టావు?"

"ఇంట్లోనే," అంది. చాలా త్వరగా అంది.

"ఇంట్లో తడిగుడ్డ చుట్టి పెడితే తెల్లారేసరికి నల్లబడతాయా? ఎన్నేళ్ళుగా దండలు కడుతున్నావు?"

"నా పెళ్ళి కాకముందు నుంచి!"

"మరి ఎప్పుడైనా ఇలా అయిందా?"

అవమానం భరించలేని మనిషి ఆమె. ఆ ప్రశ్న సూటిగా తగిలింది.

"ఎప్పుడూ అవనేదు తల్లీ! ఎండాకాలంలో కూడా అవనేదు!"

"అయితే ఇంట్లో పెట్టలేదు. మిషను గదిలో పెట్టావు. మీ అన్న తాళంచెవి నీకిచ్చాడు. ఆ సంగతి చెబితే నీ బేరం పోతుందని నిన్నటి నుంచి నోరు కుట్టుకుని కూర్చున్నాడు. నిన్ను కాపాడ్డానికి జైలుకు పోవడానికైనా సిద్ధమయ్యాడు నీ అన్న. ఇప్పుడైనా చెబుతావా?"

కూర్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రభస విని అనితతో వచ్చి, ఎదురుగా నిలబడ్డ అన్నను చూసింది. అసిరయ్య తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు. అంతే, ఆమె భోరుమంది.

"ఒరే అన్నా! నా పువ్వుల కోసం నువ్వు జైలుకి పోతావేట్రా? అయ్యో నా తండ్రీ!" కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఔనమ్మా. ఆ గదిలో మంచులాగ సల్లటి గాలి కొడతాది. అక్కడ బుట్టలు పెడితే మల్లిపువ్వు తెల్లారేసరికి అప్పుడే కోసినట్టుంటాది. మిషను పెట్టిన కొత్తలో అన్ని పెళ్ళిళ్ళకీ అక్కడే పెట్టినాను. ఎవులికీ సెప్పనేదు. గదిలో పుల్ల కూడా పెట్టకూడదని మిషను బిగించిన ఆ గోపి బాబు మా జగన్నాధం బుగతకి గట్టిగా సెప్పినాడు గదా, అందుకు."

"తర్వాత?"

"తరువాత మూఢం వొచ్చినాది. పెళ్ళిళ్ళు నేవు, నాకు బేరం నేదు. ఈ పెళ్ళే మూఢం పోయాక మొదటిది. సాయంకాలం అన్న దగ్గర సెవి తీసుకుని బుట్టలు పెట్టి తాళం ఏసినాను. తెల్లారగట్ట తీస్తే గదంతా ఉడుకు! మిషను సప్పుడు నేదు, గాలి నేదు. దండలన్నీ ఉడికిపోయి ఉన్నాయి. గుండె ఆగిపోనాది నాకు. బుట్టలెత్తుకుని పరిగెత్తినాను. తాళం ఏసినానో నేదో కూడా గ్యాపకం నేదు."

"వెయ్యలేదు. చెవితో సహా వదిలేశావు. ఒక్క సంగతి బాగా ఆలోచించి చెప్పు. బుట్టలు తీసుకునేటప్పుడు ఆ గదిలో మనిషెవరైనా పడి ఉన్నాడా?"

"మనిషా?" కూర్మమ్మ విడ్డూరంగా చూసింది. "అగ్గిపెట్టంత గదమ్మా అది. మనిషి పడుంటే నా కాలికి తగలడేటి? ఎవులూ నేరు!"

నేను లేచి అనంతకృష్ణ వైపు తిరిగాను. ఇలాంటి క్షణాల కోసమే నేను ఈ వృత్తిలో ఉన్నాను. దాచుకోవడం దేనికి, భలే సంతోషంగా ఉంది.

"విన్నావా? రాత్రంతా గిరిబాబు ఆ గదిలో గ్యాసు పీలుస్తూ పడి ఉన్నాడని రాశావు. తెల్లవారుజాము దాకా అతను ఆ గదిలోనే లేడు. తలుపు తెరిచి ఉండడం చూసి ఎవరో తెచ్చి పడేశారు. పైపు అప్పుడే కోశారు, నీలాంటి వాళ్ళు చూడ్డానికి."

"ఈవిడ అతని చెల్లెలు. అన్న కోసం ఏమైనా చెబుతుంది."

"దండలు కూడా అన్న కోసం వాడిపోయాయా? పెళ్ళివారు ఊరంతా గోల చేశారు కదా, ఆ సాక్ష్యం చాలదా?"

అతను టాబ్లెట్ తెర ఆర్పేశాడు. నాకు ఆ ఒక్కటీ చాలు.

* * *

"జగన్నాధం గారూ, మిషను పెట్టినప్పుడు లాడ్జిలో నీళ్ళ పైపులు కూడా కొత్తవి వేశారా?"

"నేదమ్మా. గోడలు పగలగొట్టడం దేనికని పాత పైపులకే కలిపేసినారు. బాయిలర్ వైపు వాల్వు కట్టేసినారు. అంతే."

"అంటే ఆ వాల్వు తెరిస్తే బాయిలర్ నీళ్ళు మళ్ళీ గదుల్లోకి వస్తాయి."

జగన్నాధం నాకన్నా ముందే షెడ్డు వైపు నడిచాడు.

షెడ్డు తలుపుకు కొట్టిన చెక్కలు పాతవే. మేకులు మాత్రం తళతళలాడుతున్నాయి. అసిరయ్య గునపం తెచ్చి రెండు పోట్లలో ఊడదీశాడు. లోపల బాయిలర్ నల్లగా, మౌనంగా కూర్చుని ఉంది. అసిరయ్య గుమ్మంలోనే ఆగిపోయి, దండం పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు అన్నం పెట్టింది కదా.

మూలల్లో బూజు వేలాడుతోంది. కొలిమి తలుపు మీద మాత్రం ఒక్క పోగు లేదు. తెరిస్తే కిర్రుమనలేదు, ఎవరో నూనె కూడా వేశారు. లోపల బూడిద. కట్టెల బూడిద కాదు, మెత్తగా, తెల్లగా ఉంది. పక్కన మూలకి సగం ఖాళీ అయిన బొగ్గుల బస్తా.

"బొగ్గులు!" అన్నాడు అసిరయ్య. అప్పటిదాకా వినని గొంతు అది. "నానెప్పుడూ బొగ్గులు ఎయ్యనేదమ్మా. కట్టెలే."

"కట్టెలు వేస్తే పొగ వస్తుంది, ఊరంతా చూస్తుంది. బొగ్గులకి పొగ రాదు. అందుకే బొగ్గులు." నేను బయటికి వేలు చూపించాను. "పెళ్ళి ముందు రాత్రి డాబా మీద ఎవరున్నారు జగన్నాధం గారూ?"

"పెళ్ళివారు. పరుపులు ఏసుకుని పడుకున్నారు."

"మిగతా రోజుల్లో మన దొంగ డాబా ఎక్కి గొట్టం టోపీ తీసి, ఇక్కడ నిప్పు వేసేవాడు. మూఢంలో డాబా ఖాళీ. ఆ రాత్రి జనం ఉన్నారు, ఎక్కలేకపోయాడు. టోపీ బిగించే ఉంచి బొగ్గులు రాజేశాడు. కాలే బొగ్గుల విషపు గాలికి పోయే దారి లేదు. షెడ్డులో నిండిపోయింది. దానికి వాసన ఉండదు, కళ్ళు మండవు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవరు చూడండి, అదే ఇది. వాడు నిప్పు వేసి బయటపడ్డాడు. వెనకాల గిరిబాబు వచ్చాడు."

"ఊహ," అన్నాడు అనంతకృష్ణ. గొంతులో మునుపటి పదును లేదు. "వచ్చాడనడానికి సాక్ష్యమేది?"

నేను టార్చితో బాయిలర్ వెనక్కి వెళ్ళాను. వాల్వు దగ్గర పైపు మరలకి, నీళ్ళు కారకుండా చుట్టే తెల్లటి టేపు కొత్తగా ఉంది. దాని కిందుగా, గోడకీ బాయిలర్‌కీ మధ్య సందులో పసుపుపచ్చగా ఏదో మెరిసింది. చెయ్యి పట్టడం లేదు. అనిత సన్నటి చెయ్యి దూర్చి లాగింది.

గిరిబాబు టెంపరేచర్ గన్. దాని పిడి మీద అతని పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది.

"ఇదేగా అసిరయ్య దాచాడని నువ్వు రాసింది?" అన్నాను. "దీన్ని పైపుకేసి చూపిస్తే వేడెంతుందో చెబుతుంది. మిషను గది నుంచి బయటికొచ్చే పైపు చల్లగా ఉంది, గదులకు పోయే పైపు వేడిగా ఉంది. ఆ వేడి పట్టుకుని గిరిబాబు ఒక్కో అడుగూ వేస్తూ ఇక్కడిదాకా వచ్చాడు. వచ్చి ఇక్కడే కూలబడ్డాడు. పాపం, ఎంత చక్కగా వెతికాడో! నాకన్నా ముందే కనిపెట్టాడు."

అసిరయ్య ఆ గన్‌ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఉన్నట్టుండి కూతురి భుజం పట్టుకుని ఏడ్చేశాడు. అనిత, "ఊరుకో నాన్నా, ఊరుకో," అంటూ తానే ఎక్కువ ఏడ్చింది.

అనంతకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "నా రిపోర్టు ఇవ్వను," అన్నాడు. "తప్పు రాశాను," అని కూడా అన్నాడు. అతని నోట ఆ మాట వినడానికి నేను ఎన్నేళ్ళు ఎదురు చూశానో! కానీ అప్పుడు నా ధ్యాస దాని మీద లేదు. బొగ్గుల బస్తా మీద ఉంది.

"ఇలాంటి బస్తాలు లోపలికి ఎవరు తెచ్చారు? మీ కళ్ళ ముందు నుంచే వచ్చి ఉండాలి జగన్నాధం గారూ."

"బొగ్గులా?" జగన్నాధం బుర్ర గోక్కున్నాడు. "అవి మిషనుకి గదమ్మా. నీళ్ళు వడకట్టడానికి మిషనులో బొగ్గులెయ్యాలంట. గోపి బాబు తెచ్చేవోడు. పాపం సాయంకాలాలు వొచ్చి, రాత్రిళ్ళు ఇక్కడే గది తీసుకుని సూసుకునేవోడు. ఇంకొకలిని మిషను ముట్టుకోనిచ్చేవోడు కాదు."

"గోపి," అన్నాను నేను. "మిషను అమ్మి బిగించినవాడు."

"ఔను. గిరిబాబు బావమరిది."

నేను అనంతకృష్ణ వైపు చూశాను.

"నాకు కోసిన పైపు చూపించింది గోపీయే," అన్నాడు మెల్లగా. "గ్యాసు సంగతి చెప్పింది కూడా అతనే. నాకు మిషన్ల గురించి తెలీదు, అందుకని..."

"కొత్త పెట్టెలో పాత కంప్రెసర్ పెట్టి అమ్మి ఉంటాడు, కొత్తదైతే ఇంత త్వరగా చావదు. అది మూఢంలో చచ్చింది. మిగతా లాడ్జీలవాళ్ళు ఈ మిషను చూసే మాటిచ్చారు కదా. ఇది చచ్చిందని తెలిస్తే వాళ్ళంతా వెనక్కిపోతారు. అందుకని రాత్రిళ్ళు బొగ్గులేసి నీళ్ళు కాచాడు. తెల్లారగట్ట షెడ్డులో బావ పడి ఉండడం చూశాడు. ఆసుపత్రికి ఎత్తుకుపోవలసినవాడు మిషను గదికి ఎత్తుకుపోయాడు. బాజాల మోతలో షెడ్డు చెక్కలకి కొత్త మేకులు కొట్టేశాడు."

ఇదంతా నిరూపించే మనిషి ఒక్కడే. షెడ్డులో నిప్పునీ, బొగ్గుల్నీ కళ్ళారా చూసినవాడు. అతను ఆసుపత్రిలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతని పక్కన నిన్న కూర్చుని ఉన్నది గోపీయే...

నేను ఫోను తీసి యమునకి కలిపాను. మొదటి గంటకే ఎత్తింది.

"అమ్మా! మీకే సెయ్యబోతన్నాను!" గొంతు నిండా సంతోషం. "ఆయన కళ్ళు తెరిచారు! మాట రాలేదు గానీ, గోపిని సూసి సెయ్యి ఊపుతున్నారు. ఎంత ఆత్రంగా ఊపుతున్నారో! డాక్టర్ శైలజ గారు సూసి, ఇంక భయం లేదన్నారు."

"యమునా, నువ్వు ఎక్కడున్నావు?"

"గది బయటండి. కొబ్బరినీళ్ళు తెమ్మన్నాడు తమ్ముడు, తెచ్చాను. వాడేమో లోపల గడియ పెట్టుకున్నాడు. బట్టలు మారుస్తన్నాడేమో, పాపం నిన్నటి నుంచి వాడే అన్నీ సేస్తన్నాడు."

అనంతకృష్ణ అప్పటికే కారు తాళాలు తీసి పరిగెడుతున్నాడు. రాజాం నుంచి శ్రీకాకుళం ఎంత తోలినా గంట దారి. ఆ గంట గిరిబాబుకి లేదు. అక్కడున్నది యమున ఒక్కతే.

"యమునా, నే చెప్పేది విను. మీ ఆయన చెయ్యి ఊపింది పలకరించడానికి కాదు. వద్దని ఊపాడు. ఆయన్ని మిషను గదిలో పడేసింది గోపీ. ఇప్పుడు ఆయన నోరు తెరవకుండా చేస్తాడు వాడు."

అటువైపు కొబ్బరిబొండం నేల మీద పడిన చప్పుడు.

"మా గోపియా?"

"ఆ. మీ గోపీయే. తర్వాత నన్ను ఎన్ని తిట్లైనా తిట్టు. ఇప్పుడు ఆ తలుపు బద్దలు కొట్టు. కేకలెయ్యి. ఆసుపత్రిలో అందర్నీ పిలు!"

ఒక్క ఊపిరి. ఒకే ఒక్క ఊపిరి వినిపించింది నాకు. ఆ ఊపిరిలో తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన అక్క ఎటు మొగ్గుతుందోనని ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"ఒరే గోపీ!" యమున కేక నా చెవి చిల్లులు పడేలా వచ్చింది. దాని వెంటే తలుపు మీద దెబ్బ. "తలుపు తియ్యరా! ఒరే, నా మొగుడ్రా ఆయన! శైలజమ్మా! ఎవులైనా రండి! తియ్యరా గోపీ!"

దెబ్బ మీద దెబ్బ. ఎవరో పరిగెత్తుకొస్తున్న అడుగులు. ఎవరో నర్సు కేక.

గడియ తీసిన చప్పుడు మాత్రం రాలేదు.